పాదము, చీలమండ: వాని నిర్మాణము, వ్యాధులు, సంరక్షణము

మన దేహమందలి అవయవములలో ముఖమును దినమునకు పలుమారులు అద్దమున చూచుకొందుము. చేతులను భోజనమునకు ముందును పిమ్మటను కడుగుకొందుము. పాదమును మాత్రము, ముల్లు గ్రుచ్చుకొన్ననే తప్ప, తలచుకొనము. అయినను పుట్టిన యేడాది మొదలు మరణపర్యంతము మన బరువునంతయు మోయునది పాదమే. మన డొంకరాయి ప్రాంతమున ఈ మాట మరింత నిజము. సీలేరు నదికి ఇరుప్రక్కల నున్న కొండ గ్రామములలో బండి పోవు బాట లేనివి నేటికిని గలవు. అచ్చటివారికి సంతకైనను, బడికైనను, ఆసుపత్రికైనను కాలినడకయే శరణ్యము. నడువలేనివానిని డోలీలో మోయుటకు మరి నలుగురి పాదములు కావలెను. కావున పాదమును గూర్చిన పాఠము మనకు కేవలము పరీక్ష కొరకైన పాఠము గాదు.

ఈ వ్యాసమున మొదట పాదము యొక్కయు చీలమండ యొక్కయు నిర్మాణమును, తరువాత వానికి సాధారణముగా వచ్చు వ్యాధులను, చివర వానిని కాపాడుకొను విధమును వివరింతుము. చదువరులు తమ పాదమును ఎదుట నుంచుకొని, చెప్పిన ప్రతి భాగమును వ్రేలితో తాకి చూచుచు చదివిన యెడల విషయము సులభముగా బోధపడును.

1. పాదము చేయు పని

ముందుగా ఒక చిన్న లెక్క చేయుదము. ముప్పది కిలోల బరువుగల బాలుడు ఇంటినుండి బడికి 4 కిలోమీటర్లు నడచుననుకొందము. అడుగు అరమీటరైనచో వాడు 8,000 అడుగులు వేయవలెను. అందు ఒక్కొక్క పాదమునకు 4,000 వచ్చును. అడుగడుగునకు శరీరపు బరువంతయు ఒక్క పాదముపై పడును గనుక, బడి చేరులోపల ఒక్కొక్క పాదము మోసిన మొత్తము 1,20,000 కిలోలు, అనగా 120 టన్నులు. పరుగెత్తునపుడు పాదముపై పడు ఒత్తిడి శరీరభారమునకు రెండు మూడు రెట్లగును. ఇంత పనిచేయు యంత్రము మన జానెడు పాదమున నిమిడియున్నది.

2. ఎముకలు

మనుష్య దేహమందు 206 ఎముకలుండగా, ఒక్కొక్క పాదమందు 26 గలవు. రెండు పాదములకు కలిపి 52. అనగా దేహమందలి ఎముకలలో నాలుగవవంతు పాదములలోనే యున్నవి. ఈ 26 ఎముకలును మూడు వరుసలుగా అమరియున్నవి.

మొదటిది వెనుకటి వరుస. ఇందు 7 ఎముకలు గలవు. వీనిలో పెద్దది మడమ ఎముక. మనము నిలుచున్నపుడు నేలను తాకునది ఇదియే. దీనిపై కూర్చున్నది చీలమండ ఎముక. దీనికొక విచిత్రము గలదు: దీనికి ఏ కండరమును అంటియుండదు. పైనుండి వచ్చు భారమును మడమకును ముందు పాదమునకును పంచియిచ్చుటయే దీని పని. తక్కిన అయిదు చిన్న ఎముకలు పాదము నడుమ రాళ్ళు పేర్చినట్లు పేర్చబడియున్నవి.

రెండవది నడిమి వరుస. ఇందు 5 పొడవైన ఎముకలు గలవు. మీగాలిపై చేయి పెట్టి వ్రేళ్ళను ఆడించినచో ఇవి తగులును.

మూడవది వ్రేళ్ళ వరుస. ఇందు 14 ఎముకలు గలవు. బొటనవ్రేలికి రెండును, తక్కిన నాలుగు వ్రేళ్ళకు మూడేసియును. చేతివ్రేళ్ళ ఎముకల లెక్కయు ఇదియే యని విద్యార్థులు గమనింపవలెను.

3. విల్లును నారియు

ఇన్ని ఎముకలను చదునుగా పరచియుండినచో మనము చెక్కపలకలపై నడచునట్లు నడచెదము. అట్లుగాక పాదము నడుమ పైకి వంగియున్నది. కొండలలో విల్లు చూడని బాలుడుండడు గనుక ఆ పోలికయే చెప్పుదుము. పాదపు ఎముకలు విల్లు వెదురు వంటివి. మడమ ఎముకనుండి వ్రేళ్ళ మొదళ్ళవరకు అరికాలిలో గట్టి పట్టీ యొకటి సాగియున్నది. అది వింటినారి వంటిది. అడుగు వేసినపుడు భారమువలన విల్లు కొంచెము చదునై నారి బిగియును. అడుగు ఎత్తగానే విల్లు తిరిగి వంగి మనలను ముందునకు త్రోయును. ఇందువలననే మనము రాళ్ళపై నడచినను తలకు దెబ్బ తగిలినట్లు అదురదు.

ఈ వంపును ఎవరికివారే పరీక్షించుకొనవచ్చును. కాలు నీటిలో తడిపి పొడినేలపై మోపి తీయుడు. గుర్తులో మడమయు ముందుభాగమును వెడల్పుగాను, నడుమ సన్నముగాను ఉన్నచో వంపు బాగున్నదనుట. అరికాలంతయు పడినచో అది చదును పాదము. చిన్నపిల్లలందరి పాదములును మొదట చదునుగానే యుండును. పెరుగుకొలది వంపు తేలును. కావున తల్లులు దీనికై దిగులుపడవలదు. పెరిగిన పిమ్మటను చదునుగా నుండి నొప్పి యిచ్చిననే వైద్యునికి చూపవలెను.

ఇచ్చట చెప్పదగిన సంగతి యొకటి గలదు. 1992వ సంవత్సరమున మనదేశపు వైద్యులిరువురు 2,300 మంది పిల్లల పాదముద్రలను పరీక్షించి ప్రకటించిరి. చెప్పులు బూట్లు తొడుగువారిలో నూటికి 8.6 మందికి చదును పాదములుండగా, వట్టికాళ్ళతో తిరుగువారిలో నూటికి 2.8 మందికే యుండెను. కప్పుబూట్లు తొడిగినవారిలో ఈ లోపము హెచ్చుగా కనబడెను. కావున వట్టికాళ్ళతో పెరిగిన పాదము బలహీనమైనదని యెవరును సిగ్గుపడవలదు. దాని ఎముకలును కండరములును మిక్కిలి దృఢమైనవి. అయితే వట్టికాలి చర్మమునకు కలుగు అపాయములు వేరు. వానిని ముందు చెప్పెదము.

4. చీలమండ

మోకాలి క్రింద రెండు ఎముకలు గలవు. లోపలిది అంతర్జంఘిక, వెలుపలిది బహిర్జంఘిక. ఈ రెంటి క్రింది కొనలే చీలమండ కిరువైపుల పొడుచుకొనివచ్చిన గుబ్బలు. తాకి చూచినచో వెలుపలి గుబ్బ లోపలిదానికంటె కొంత క్రిందుగా నున్నట్లు తెలియును. వడ్రంగి కుసిని బెజ్జమున బిగించునట్లు ఈ రెండు గుబ్బల నడుమ చీలమండ ఎముక బిగిసియున్నది. పాదము పైకిని క్రిందికిని ఆడుట ఈ కీలు వలననే. పాదము లోపలికిని వెలుపలికిని ఒరుగుట దాని క్రిందనున్న మరియొక కీలు పని. ఏటవాలు కొండపై అడ్డముగా నడచువాడు ఈ రెండవ కీలునకు ఋణపడియున్నాడు.

ఎముకను ఎముకతో కట్టు త్రాళ్ళకు సంధిబంధనములనియు, కండరమును ఎముకతో కలుపు త్రాడునకు స్నాయువనియు పేర్లు. జనులు ఈ రెంటిని, మెదడునకు వార్త తెచ్చు జ్ఞానతంతువును కూడ నరమనియే పిలుతురు. విద్యార్థులు మాత్రము ఈ మూడింటి భేదమును తెలిసికొనవలెను. పిక్కనుండి దిగి మడమ ఎముకకు వెనుక అంటుకొను లావైన త్రాడు స్నాయువు. దేహమందలి స్నాయువులన్నిటిలో ఇది మిక్కిలి లావైనది, బలమైనది. మనము మునిగాళ్ళపై నిలుచునపుడును, ఎక్కుడుబాటలో పైకి నెట్టుకొని పోవునపుడును పనిచేయునది ఇదియే.

5. రక్తనాళములు, జ్ఞానతంతువులు

లోపలి గుబ్బకు వెనుక రెండు వ్రేళ్ళు మెల్లగా ఆనించినచో నాడి కొట్టుకొనుట తెలియును. మీగాలి నడుమ, బొటనవ్రేలి స్నాయువు ప్రక్కన మరియొక నాడి గలదు. ఈ రెండును గుండెనుండి రక్తము పాదమునకు వచ్చుచున్నదనుటకు సాక్షులు. పొగాకు పొగవలన ఈ రక్తనాళములు సన్నగిల్లును. చుట్ట బీడీలు విడువక త్రాగువారిలో కొందరికి కాలివ్రేళ్ళు నల్లబడి, తుదకు తీసివేయవలసి వచ్చుట కలదు.

లోపలి గుబ్బ వెనుకనే అరికాలికి స్పర్శనిచ్చు జ్ఞానతంతువును పోవుచున్నది. మరియొక తంతువు మోకాలి వెలుపలి ప్రక్కన ఎముకను చుట్టి దిగి, పాదమును పైకెత్తు కండరములను నడుపుచున్నది. ఈ రెండు తంతువుల సంగతి జ్ఞాపకముంచుకొనుడు. ఎనిమిదవ భాగమున వీనితో మనకు పనియున్నది.

6. సాధారణముగా కలుగు బాధలు

బెణుకు: రాయి జారినపుడు పాదము లోపలికి మడతపడి, చీలమండ వెలుపలి సంధిబంధనము సాగుటయో తెగుటయో జరుగును. వెంటనే వాపును నొప్పియు కలుగును. అట్టిసమయమున కాలిని ఆడింపక, చల్లని నీటి గుడ్డ వేసి, మెత్తని కట్టు కట్టి, పాదమును దిండుపై ఎత్తుగా నుంచవలెను. మొదటి రెండు మూడు దినములు తైలము పోసి గట్టిగా రుద్దుటయు, లాగి విరుచుటయు కీడు. తెగిన దారమును మరింత లాగినచో అతుకుకొనదు గదా. నాలుగు అడుగులైనను వేయలేని యెడలను, గుబ్బ ఎముకను నొక్కినపుడు నొప్పి హెచ్చైన యెడలను ఎముక విరిగియుండవచ్చును గనుక ఎక్స్‌రే తీయింపవలెను.

మడమ పోటు: ఉదయమున మంచము దిగి వేయు మొదటి అడుగులకు మడమ క్రింద సూదితో పొడిచినట్లుండి, కొంత నడచిన పిమ్మట తగ్గును. ఇది మనము చెప్పిన నారి మడమకు అంటుకొనుచోట కలుగు బాధ. పిక్కను ప్రతిదినమును సాగదీయుటయు, మెత్తని చెప్పు తొడుగుటయు దీనికి మందు. ఇది కొన్ని నెలలు పట్టినను తరచుగా దానంతటదే కుదురును.

పగుళ్ళు, ఆనెలు: మడమ చర్మము ఎండి దళసరియై చీలుట పగులు. పాదమును కొంతసేపు గోరువెచ్చని నీటిలో నుంచి, నునుపైన రాతితో మెల్లగా రుద్ది, తడియారకముందే కొబ్బరినూనెయో వేసలీనో రాయవలెను. ఒకేచోట ఒత్తిడి పడుటవలన చర్మము గట్టిపడుట ఆనె. దానిని బ్లేడుతో కోయరాదు. ఒత్తిడి పోయినచో ఆనెయు పోవును.

వ్రేళ్ళ సందులు పాచుట: వానకాలమున బురదలో నాటువేయువారికిని, తడి బూట్లు విడువనివారికిని వ్రేళ్ళ సందులలో చర్మము తెల్లబడి, దురద పుట్టి, ఒరిసిపోవును. ఇది బూజు జాతికి చెందిన సూక్ష్మజీవుల పని. కాళ్ళు కడుగుకొనుటయే చాలదు. సందులలోని తడిని గుడ్డతో ఒత్తవలెను. తగ్గనిచో ఆరోగ్యకేంద్రమున మందు పూత యిత్తురు.

ముల్లు, వెదురుకొయ్య: పోడు నరికినచోట మిగిలిన వెదురుమోడు కత్తివంటిది. గాయమును వెంటనే సబ్బుతో కడిగి, కాచిన సూదితో ముల్లు తీయవలెను. పేడ, బూడిద, మన్ను, సున్నము పెట్టరాదు. మంటియందును పేడయందును ధనుర్వాతపు బీజములుండును. లోతైన గాయమున గాలి తగులనిచోట అవి పెరిగి దవుడలు బిగియజేయును. బడిపిల్లలకు 10వ యేటను 16వ యేటను వేయు టీకా దీనినుండి కాపాడును. సూదికి భయపడి ఆ దినమున బడి ఎగ్గొట్టుట వివేకము గాదు.

కొంకిపురుగు: మలముతో కలిసి నేలపై పడిన గ్రుడ్లనుండి సన్నని పిల్లపురుగులు పుట్టి తడిమంటిలో కాచుకొనియుండును. వట్టికాలు తగులగానే చర్మమును తొలిచి రక్తములో ప్రవేశించి, ఊపిరితిత్తులకు పోయి, అచ్చటినుండి గొంతునకెక్కి మ్రింగబడి, ప్రేగులను కరచి పట్టుకొని రక్తమును త్రాగును. పిల్లవాడు పాలిపోయి, ఆయాసపడుచు, చదువునందు మందుడగును. ఉపాధ్యాయుడు సోమరియని మందలించు బాలుడు నిజముగా పాదము గుండ వచ్చిన పురుగువలన రోగియై యుండవచ్చును. ప్రభుత్వమువారు 2015 మొదలు బడులలో నులిపురుగుల నివారణ దినమున ఆల్బెండజోల్ మాత్ర నిచ్చుచున్నారు. మాత్రయు, మరుగుదొడ్డియు, చెప్పులును, ఈ మూడును కలిసిననే ఈ పురుగు తొలగును.

పాముకాటు: పాముకాట్లలో పెక్కు పాదముపైనో చీలమండ దగ్గరనో పడును. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి అను నాలుగింటి విషమునకును ఒకే విరుగుడు మందు ఆసుపత్రులలో గలదు. కరచినచో కోయరాదు, నోటితో పీల్చరాదు, త్రాడుతో బిగించి కట్టరాదు. కాలికి బద్ద కట్టి కదలకుండ చేసి, రోగిని నడిపింపక మోసికొని పోవలెను. మంత్రమునకై పోయిన గంటయే ప్రాణము తీయు గంట యగును. రాత్రి నడకకు చేతిదీపమును, కర్రయు, పాదమును కప్పు చెప్పును ఉండవలెను.

బోదకాలు: ఇది కొండలకంటె కోస్తా జిల్లాలలో హెచ్చుగా నుండిన వ్యాధి. క్యూలెక్సు దోమ కాటువలన ప్రవేశించిన సన్నని పురుగులు శోషరస నాళములను చెరుపగా కాలు క్రమముగా లావెక్కును. ముదిరిన వాపు పూర్తిగా పోదు. అయినను ప్రతిదినము సబ్బుతో కడిగి, మడతలను ఆరబెట్టి, కాలిని ఎత్తుగా నుంచి, చీలమండను ఆడించుచుండినచో జ్వరములును పుండ్లును తగ్గి రోగి సుఖముగా జీవింపవచ్చును.

7. ఒక వ్యాధి పోయిన కథ

పూర్వము ఈ కొండలలో ‘కోయ రోగము’ అని పిలువబడిన చర్మవ్యాధి యొకటి యుండెను. దీనినే కొన్నిచోట్ల గోండి రోగమనియు, మాడియా రోగమనియు పిలిచిరి. ఆంగ్లమున దీనిపేరు యాస్. ఇది పిల్లల చర్మమునుండి పిల్లల చర్మమునకు తాకిడిచే వ్యాపించు సూక్ష్మజీవివలన కలుగును. మొదట బుడిపెవంటి పుండు లేచి, పిమ్మట దేహమంతటను వ్యాపించి, అరికాలు దళసరియై చీలి, రోగి ఎండ్రకాయవలె పాదముల అంచులపై నడచును. ముదిరినచో ఎముకలను కూడ వంచును.

ఈ పేర్లను గమనింపుడు. రోగమునకు ఒక జాతి పేరు పెట్టుటచే, ఆ జాతియే రోగమునకు కారణమన్నట్లయ్యెను. సూక్ష్మజీవికి జాతి లేదు. బాట లేనిచోట, సబ్బును నీరును వైద్యుడును లేనిచోట అది నిలిచెను. అంతియే. ఒక్క పెన్సిలిన్ సూదితో కుదురు రోగము, ఆ సూది కొండ ఎక్కనందున తరములకొలది నిలిచెను. 1996–97లో భారత ప్రభుత్వము ఒడిశాయందలి కొరాపుట్ జిల్లాలో నిర్మూలన కార్యక్రమము నారంభించి పిమ్మట ఇతర రాష్ట్రములకు విస్తరింపజేసెను. ఆరోగ్య కార్యకర్తలు ఇల్లిల్లు తిరిగి, రోగికిని వానితో మెలగినవారికిని సూది వేసిరి. 2003 తరువాత క్రొత్త రోగి కనబడలేదు. 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశమున ఈ వ్యాధి లేదని ధ్రువపరచెను. ఈ గెలుపున యంత్రములకంటె కాలినడకన కొండలెక్కినవారి పాదములకే హెచ్చు భాగము గలదు.

8. నొప్పి లేని పాదము

ఇంతవరకు నొప్పిగల బాధలను చెప్పితిమి. ఇక నొప్పిలేని బాధను చెప్పవలెను. అన్నిటికంటె భయంకరమైనది ఇదియే.

కుష్ఠువ్యాధిని కలిగించు సూక్ష్మజీవిని 1873లో నార్వే దేశస్థుడైన హాన్సెన్ కనుగొనెను. ఈ జీవికి జ్ఞానతంతువులనిన ప్రీతి. మనము చెప్పుకొన్న రెండు తంతువులలో చీలమండ వెనుకటిది చెడినచో అరికాలు మొద్దుబారును. మోకాలి ప్రక్కది చెడినచో పాదము పైకి లేవక వ్రేలాడును. మొద్దుబారినవాడు ముల్లు దిగినను ఎరుగడు. చెప్పులోని మేకు రోజంతయు గ్రుచ్చుచున్నను నడచుచునే యుండును. నిప్పు కాలినను చూచువరకు తెలియదు. పుండు పడి, ఎముకకు చేరి, తుదకు వ్రేళ్ళు పోవును.

వ్రేళ్ళు ఈ రోగమువలన వాటంతటవే కుళ్ళి రాలునని లోకము నమ్మెను. పాల్ బ్రాండు అను వైద్యుడు ఇది తప్పని చూపెను. ఈయన 1914లో తమిళదేశపు కొల్లి కొండలలో మిషనెరీ తలిదండ్రులకు జన్మించి, 1946లో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చిరి. రోగుల చేతులను కాళ్ళను శ్రద్ధతో పరీక్షించి, వారి మాంసము ఇతరుల మాంసమువలెనే మానుననియు, నొప్పి తెలియక మరల మరల గాయపడుటచేతనే వ్రేళ్ళు పోవుచున్నవనియు కనుగొనిరి. నిద్రలో ఎలుకలు కొరికినను మేలుకొననివారు గలరని కూడ తెలిసెను. కావున మెత్తని రబ్బరు చెప్పులు చేయించిరి. పుండుగల పాదమునకు పిండికట్టు కట్టి విశ్రాంతి నిచ్చిరి. వ్రేలాడు పాదమునకు మంచి కండరపు స్నాయువును మార్చి కుట్టిరి. నొప్పి శత్రువు గాదు, కావలివాడు అని లోకమునకు బోధించిరి. ఈయన 2003లో మరణించిరి.

మన తెలుగుదేశమునను ఇట్టి సేవ జరిగినది. నిజామాబాదు దగ్గర డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ అను వైద్యురాలు కుష్ఠురోగుల ఆసుపత్రిని నెలకొల్పి, 1932లో మరణించువరకు సేవచేసిరి. మన కొండలకు ఈశాన్యమున సాలూరులో ఫిలడెల్ఫియా కుష్ఠు ఆసుపత్రి గలదు. ఆ కాలమున మంచి మందు లేదు. నేడు గలదు. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసిన బహుళ ఔషధ చికిత్సను, రోగపు తీరునుబట్టి 6 నెలలో 12 నెలలో తప్పక పుచ్చుకొన్నచో వ్యాధి కుదురును. మందు ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితము. మందు మొదలిడిన కొలదిదినములకే రోగి ఇతరులకు అంటింపడు. అయితే చెడిన తంతువు తరచుగా తిరిగిరాదు. కావున ఆలస్యమే అంగవైకల్యము.

ఇచ్చట విద్యార్థులకు ఒక్క మాట చెప్పవలసియున్నది. దేహముపై పాలిపోయిన మచ్చయో ఎఱ్ఱని మచ్చయో యుండి, దానిపై ఈకతో తాకినను తెలియనిచో దానిని దాచవలదు. సహపాఠులు నవ్వుదురనియు, చెల్లెలి పెండ్లి చెడుననియు భయపడి దాచినవాడు మచ్చను దాచును గాని వ్యాధిని దాచలేడు. గోటితో పోవుదానిని గొడ్డలిదాక తెచ్చుకొన్నట్లగును. అట్టి మచ్చగలవానిని చూచి నవ్వువాడు వాని పాదమును పోగొట్టుటకు తోడ్పడినవాడగును.

నొప్పిలేని పాదమునకు నేడు రెండవ కారణము మధుమేహము. పట్టణముల వ్యాధియని తలచెడివారము గాని ఇప్పుడది గ్రామములకును వచ్చినది. రక్తమున చక్కెర హెచ్చుటచే తంతువులు మొద్దుబారును, రక్తనాళములు పూడును, గాయము మానదు. తాతయ్యకో అమ్మమ్మకో ఈ వ్యాధియున్నచో, కంటిచూపు తగ్గిన వారు తమ అరికాలిని తాము చూడలేరు. ప్రతిసాయంకాలమును దీపము దగ్గర వారి అరికాళ్ళను చూచి, ఎఱుపు, బొబ్బ, చీలిక యున్నచో చెప్పుట మనుమల పని. ఇది ఒక్క నిమిషపు పని. ఒక కాలును నిలుపును.

9. పుట్టుకతో వంకరయైన పాదము

వేయిమంది శిశువులలో సుమారు ఒకరికి పాదము లోపలికి తిరిగి పుట్టును. గ్రహణమునాడు తల్లి బయట తిరిగినదనియో, ఎవరో చెరుపు చేసిరనియో అందురు. ఇది గ్రహణమువలన గాదు, తల్లి దోషమువలన గాదు. స్పెయిన్ దేశమున పుట్టి అమెరికాలో పనిచేసిన పొన్సెటి అను వైద్యుని పద్ధతిచే, పుట్టిన కొలదివారములకే పాదమును మెల్లగా సరిదిద్ది వారమునకొకమారు పిండికట్టు మార్చుచు వచ్చినచో, అయిదారు కట్లతో పాదము చాలవరకు సరియగును. పెక్కుమందికి మడమ వెనుకటి స్నాయువును కొంచెము కోయవలసియుండును. పిమ్మట నాలుగేండ్ల వయసువరకు రాత్రులు ప్రత్యేకమైన బూట్లు తొడుగవలెను. ఆ బూట్లు విడిచినచో వంకర మరల వచ్చును. కాన్పు జరిగిన యింట ఇట్టి శిశువు కనబడినచో తలిదండ్రులు ఏడ్చుచు కూర్చుండక, వెంటనే ఆరోగ్య కార్యకర్తకు చెప్పవలెను.

కాలు పోయినవారికిని నిరాశ వలదు. 1968లో జైపూరులో రామచంద్ర శర్మ అను శిల్పియు, సేఠీ అను వైద్యుడును కలిసి రబ్బరు పాదము నొకటి రూపొందించిరి. దానితో వట్టికాలితో నడువవచ్చును, పొలము దున్నవచ్చును, నేలపై గొంతుకూర్చుండవచ్చును. బూటు తొడుగువారికై చేసిన పరదేశపు కాలు మన దేశపు జీవనమునకు సరిపడలేదని గ్రహించి, చేతిపని నేర్చినవాడును చదువుకొన్నవాడును కలిసి చేసిన పని గనుక అది ఫలించినది.

10. దినచర్య

తలిదండ్రులును విద్యార్థులును ఈ నియమములను పాటింపవలెను.

ఇల్లు చేరగానే కాళ్ళు కడుగుకొనుడు. అతిథికి కాళ్ళకు నీళ్ళిచ్చుట మన పెద్దల మర్యాద. అది మర్యాదయే గాక ఆరోగ్యమును కూడ. కడిగిన పిమ్మట వ్రేళ్ళ సందులు తుడుచుకొనుడు. గోళ్ళను మూలలు లోనికి కోయక తిన్నగా కత్తిరింపుడు. పండుకొనుటకు ముందు అరికాలు చూచుకొనుడు. చెప్పు తొడుగుటకు ముందు దులుపుడు, తేలు ఉండవచ్చును. చెప్పు కొనునపుడు అందముకంటె కొలత చూడుడు. సాయంకాలమున పాదము కొంత ఉబ్బియుండును గనుక ఆవేళ కొనుట మేలు. వ్రేళ్ళకు చోటిచ్చి, మడమను పట్టియుంచు తెరచిన చెప్పు మన కొండబాటలకు తగినది. పండుగకు బట్టలు కొను తండ్రి, ముందు చెప్పుల జతను కొని, మిగిలినదానితో బట్ట కొన్నచో పిల్లవానికి మేలు చేసినవాడగును.

చెప్పులు లేని పిల్లవానిని బడిలో చిన్నచూపు చూడరాదు. చెప్పులున్నవాడు తన పాదము తెల్లగా నున్నదని గర్వింపరాదు. అడ్డాకులు కోయుచు, చింతపండు మోయుచు, కొండ దిగివచ్చిన తల్లి పగిలిన పాదములే ఆ పిల్లవాని బడిపుస్తకములను కొన్నవి. ఈ వ్యాసము చదివిన ప్రతి విద్యార్థియు ఈ రాత్రి తన తల్లి పాదములను కడిగి, పగుళ్ళకు నూనె రాచి, వ్రేళ్ళ సందులు చూచి, తాకుడు తెలియుచున్నదా యని అడిగినయెడల, మేము నేర్పదలచిన పాఠము పూర్తియైనట్లే.

అభ్యాసము

1. ఒక్కొక్క పాదమందు ఎన్ని ఎముకలు గలవు? వరుసలవారీగా చెప్పుము.
2. స్నాయువునకును, సంధిబంధనమునకును, జ్ఞానతంతువునకును భేదమేమి?
3. నీ తడి పాదముద్రను గీసి, వంపును గుర్తింపుము.
4. నీ ఇంటినుండి బడికి ఎన్ని అడుగులో లెక్కించి, నీ బరువుతో హెచ్చవేసి, ఒక్కొక్క పాదము మోయు భారమును కనుగొనుము.
5. నొప్పి కావలివాడని యేల చెప్పబడినది? రెండు దృష్టాంతములిమ్ము.